చింతమొద్దు మీద లేచిన బండి

వెంకటప్పకు గొర్రె కన్నా చక్రమంటే ముద్దు. జీవాల మీదే బతికే ఇంట్లో పుట్టిన మగపిల్లాడికి ఇంతకన్నా పెద్ద లోపం ఉండదని వాళ్ళ నాయన నమ్మకం. ముద్దనూరు పక్కన వాళ్ళ పల్లె. రైలుకట్ట పొడుగునా పచ్చిక దండిగా ఉండేది. మందను అక్కడికి తోలుకుపోయిన వెంకటప్ప, గూడ్సుబండి కనబడితే చాలు, గొర్రెలను గాలికి వదిలేసి దాని చక్రాల వంకే చూస్తూ నిలబడేవాడు. బండి పోయి, పొగ పోయి, వీడికి తెలివి వచ్చేసరికి మంద ఎవరి శనగచేలోనో పడి ఉండేది. చేనుగలవాళ్ళ తిట్లు నాయన తినేవాడు, నాయన దెబ్బలు వీడు తినేవాడు. ఆ దెబ్బలకు అడ్డంపడేది అక్క అంకమ్మ. చివరికి వీడి వంతు మందను కూడా ఆమే కాసి, వీడిని రైలు చూసుకోమని వదిలేసేది. అలాంటి అక్క అందరికీ దొరకదు.

ఇక లాభం లేదని నాయన వాడిని ప్రొద్దుటూరు తీసుకుపోయి, గౌస్ మొహిద్దీన్ లారీ షెడ్డులో దింపి వచ్చాడు. గౌస్ మొహిద్దీన్ మాటకు ముందు చెయ్యి లేచే మనిషి. కానీ పని చెప్పడంలో ఆయనకు సాటి ఆ ఊళ్ళో లేరు. పానాలు, నట్లు, కమానుపట్టీలు అన్నీ ఒక ఎత్తు, జాకీ ఒక్కటే ఒక ఎత్తు ఆయనకు. వచ్చినవాడు ఎవడైనా సరే, ముందు ఈ పాఠం అప్పజెప్పాల్సిందే.

"జాకీ ఎత్తేదానికే రా, మోసేదానికి గాదు. ఎత్తినదాని కింద ఏదన్నా దూర్చినాకనే నీ చెయ్యి దూర్చు. లేకుంటే నీ చెయ్యి నీది గాదనుకో."

ఈ మాట వెంకటప్ప చెవిలో కాదు, ఎముకలో దిగింది. మిగతా పాఠాలు కూడా ఒంటబట్టాయి. కొన్నేళ్ళకు వాడు చెయ్యివేస్తే కదలని బండి లేదని లారీల వాళ్ళు అనడం మొదలుపెట్టారు. వాళ్ళకంటే ముందు వాడే అన్నాడులెండి. వెంకటప్పకు అణకువ అనే జబ్బు ఎప్పుడూ రాలేదు. తనకు పని వచ్చునని తనకు తెలుసు, అది పదిమందికీ తెలిస్తే తప్పేముందని వాడి లెక్క.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో పశువుల ఆసుపత్రి వాళ్ళకు ఒక బండి వచ్చింది. జీపు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లులాంటి బండి అది. రేకు గోడలు, కిటికీ, ఎక్కడానికి మెట్టు, లోపల కిరసనాయిలుతో నడిచే ఐసుపెట్టె, అందులో జీవాలకు వేసే సూదిమందులు. బరువు ఎక్కువ కావడంతో ఒక్కో పక్క రెండేసి చక్రాలు, ఒకదాని వెనక ఒకటి ఒరుసుకుంటున్నట్టు ఉండేవి. గొర్రెల గురించీ తెలిసి, చక్రాల గురించీ తెలిసిన మనిషి కావాలని వెతికితే జిల్లా మొత్తం మీద వెంకటప్ప ఒక్కడే దొరికాడు. నాయన అప్పటికి లేడు. ఉంటే గొర్రెలు కాయనని పోయినవాడు మళ్ళీ గొర్రెల దగ్గరికే చేరాడని ఒక నవ్వు నవ్వి ఉండేవాడు.

అంకమ్మను సింహాద్రిపురం పక్కన ఇచ్చారు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా మంద. అదే ఆమెకు తిండి, అదే ఆమెకు నలుగురిలో మర్యాద. ముందటేడు బొబ్బరోగం వచ్చింది. పల్లెల్లో దాన్ని అమ్మోరు అంటారు. ఒళ్ళంతా పొక్కులు లేచి, కళ్ళు మూసుకుపోయి, సగం మంద ఆమె చేతుల్లోనే పోయింది. తమ్ముడు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. మిగిలిన గొర్రెల మధ్యన కూచుని ఒకటే మాట అంది.

"వెంకటప్పా, మళ్ళీ వస్తే ఇవీ పోతాయి. ఇవి పోతే నాకింగ పొద్దున లేసే పనే ల్యా."

ఆ మాట విన్నప్పటినుంచి వెంకటప్ప డాక్టరు గురురాజారావు వెంటబడ్డాడు. సూదిమందు బండిని సింహాద్రిపురంలో నిలబెట్టాలి, చుట్టుపక్కల మందలన్నిటికీ రోగం రాకముందే సూదులు వేయాలి. గురురాజారావుది జమ్మలమడుగులో పంతుళ్ళ కుటుంబం. మెత్తటి మనిషి, మంచి డాక్టరు, చేసిన సంతకం గురించి రాత్రి మళ్ళీ ఆలోచించే రకం. వెంకటప్ప పోరు పడలేక పైవాళ్ళకు రాశాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టిన రోజుల్లో, అనుమతి వచ్చింది. దానితోపాటు ఒక షరతూ వచ్చింది. వేరే తాలూకాలో ఎవరో ఇలాంటి బండి టైర్లు ఊడబీక్కుపోయారట. అందుకని బండిని ఎక్కడ నిలబెట్టినా ఒక పక్క రెండు చక్రాలకూ తాళాలు పడాలి. తాళాలు పడితేనే జీపు బండిని వదిలి రావాలి, పడకపోతే వెనక్కి లాక్కురావాలి.

తాళాలు మద్రాసు నుంచి వచ్చాయి. చూడ్డానికి గట్టిగానే ఉన్నాయి. ఒక ఇనుప పలక, దానికి పొడుగాటి బోల్టు. ఆ బోల్టు చక్రంలో ఉన్న కంతలోంచి లోపలికి పోయి, వెనక ఇరుసుకు అతికించిన గుండ్రటి గూట్లో బిగుసుకోవాలి. ఆపైన తాళం వేస్తే చక్రం తిరగదు, ఊడదు. చెప్పుకోడానికి ఇంతే.

బండి సింహాద్రిపురం చేరింది. మందలు కట్టే పొలాల పక్కన, దారి అంచున వెంకటప్ప చోటు చూశాడు. నల్లరేగడి నేల. పైన ఆరిపోయి గట్టిగా కనబడుతుంది గానీ లోపల మొన్నటి వాన ఇంకా ఉంది. మరుసటి రోజు పొద్దుగుంకేలోపు జీపు పులివెందుల పోవాలి, అక్కడినుంచి కడపకు. అంటే ఆ ఒక్క పగలే వెంకటప్ప చేతిలో ఉంది.

"నాకు సగం పగలు శానా," అన్నాడు వెంకటప్ప.

తెల్లారి పని మొదలుపెడితే మొదటి తాళం చిటికెలో పడింది. జీపు డ్రైవరు యూనుస్ బండిని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు జరిపాడు. ముందు చక్రం కంత గూటికి ఎదురుగా రాగానే వెంకటప్ప చెయ్యెత్తాడు, జీపు ఆగింది, బోల్టు లోపలికి పోయింది. చూస్తున్న గొల్లవాళ్ళు తలలూపారు. వెంకటప్ప మీసం సవరించుకున్నాడు.

రెండో చక్రం దగ్గరికి వస్తే కంత ఒక చోట, గూడు ఒక చోట. బండిని జరపడానికి లేదు, ముందు చక్రం ఇప్పుడు తాళంలో ఉంది. ఆ తాళం తీసి జరిపితే ఇది కుదురుతుంది, అది చెడుతుంది.

"రెండు చక్రాలు జోడెద్దుల మాదిరి ఒకేసారి అడుగెయ్యాల్నంటే ఎట్లప్పా?" అన్నాడు యూనుస్. ప్రొద్దుటూరు మనిషి, నవ్వకుండా నవ్వించే రకం.

"యెయ్యక్కర్లేదు యూనుస్ బాయ్. దీన్ని నేల మీది నుంచి లేపితే దానంతటదే తిరుగుతాది. చేత్తో తిప్పుకుంటా."

మాట పూర్తికాకముందే పది మంది గొల్లవాళ్ళు పంచెలు ఎగ్గట్టారు. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టాలంటే అక్కడ జాకీలేమీ ఉండవు. నలుగురు వంగి వీపులతో బండిని లేపుతారు, ఒకడు చక్రం లాగేస్తాడు, పని అయ్యేదాకా అలాగే మోస్తారు. తరతరాలుగా అలవాటైన పని. అప్పటికే ఒకాయన బండి కిందికి వీపు పెట్టబోయాడు.

వెంకటప్ప ఆయన పంచె పట్టుకుని వెనక్కి లాగాడు. "ఇది మీ సొప్పబండి గాదు మామా. దీని కిందికి పోయినోడు చాపై వస్తాడు. అందరూ ఆ గట్టు మీదికి పోండి. డాక్టరు సార్, మీరు గూడా లోపల్నించి దిగి రాండి. బండి లేసేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు."

గురురాజారావు లోపల మందుసీసాలు సర్దుకుంటున్నాడు. ఆయన నిజంగానే దిగి వచ్చి, గట్టు మీద నిలబడి, తనే అందరినీ వెనక్కి అదిలించే పని నెత్తిన వేసుకున్నాడు.

వెంకటప్ప తీరుబడిగా మొదలుపెట్టాడు. జీపును కొక్కెం నుంచి విప్పనివ్వలేదు. యూనుస్‌ను బ్రేకు మీద కూచోబెట్టాడు. బండికి అవతలి పక్క చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం కొట్టాడు. ఇక చెక్కలు. ముద్దనూరు స్టేషనులో, రైలుపట్టాల కింద వేసే తారు పూసిన పాత స్లీపరు చెక్కలు అడిగి తెచ్చుకుని, కోయించి పెట్టుకున్నాడు. ఇరుసు కింద అడ్డం నిలువు పేర్చడానికి కొన్ని ముక్కలు. జాకీ నేలలో దిగబడకుండా దాని కింద పరచడానికి ఒక వెడల్పాటి ముక్క. రేగడి నేల మీద ఆ ముక్క లేకుండా జాకీ పెడితే పిండిలో వేలు పెట్టినట్టే.

ఆ వెడల్పాటి ముక్క కనబడలేదు.

వెతికారు. జీపులో లేదు, బండిలో లేదు. చివరికి వెంకటప్పకు నిన్న రాత్రి తిన్న సంగటి గుర్తొచ్చింది. అది తింటున్నప్పుడు తారు వాసన వచ్చింది. కొత్త కుండేమోననుకున్నాడు.

"అక్కా, నిన్న పొయ్యిలోకి ఏం పెట్టినావు?"

అంకమ్మ మంద దగ్గర నుంచి తల తిప్పింది. "కట్టెలు తడిగా ఉండాయి. ఈడ ఏందో పాత దుంగ పడి ఉంటే పెట్టినా. బాగా మండింది. ఏం?"

యూనుస్ స్టీరింగు మీద తల వాల్చి చప్పుడు లేకుండా నవ్వాడు. వెంకటప్ప నవ్వలేదు. తన కోసం వండిన సంగటి కిందే తన చెక్క కాలిపోతే ఎవరిని ఏమంటాడు?

పేర్చే ముక్కల్లోంచి ఒకటి తీసి జాకీ కింద పెట్టుకోవచ్చు. అప్పుడు ఇరుసు కింద పేర్పు చాలదు. ఆ పేర్పును తగ్గించడానికి వెంకటప్పకు చెయ్యి రాలేదు. అటూ ఇటూ చూశాడు. అంకమ్మ దొడ్డి వాకిట్లో నాపబండ ఒకటి పడి ఉంది. మందపాటిది, నున్నటిది. ఆ సీమలో నాపబండ మీద పుట్టి నాపబండ కింద బతకని మనిషి లేడు. ఇంటి పైకప్పు అదే, అరుగు అదే, చేనికి కంచె అదే. ఎండాకాలం ఇంటిల్లిపాదీ ఎక్కి పడుకునే బండ, ఒక జాకీని మోయలేదా? వెంకటప్ప దాన్ని తెచ్చి, సుత్తితో తట్టి చూశాడు. ఖంగుమంది. పగులు లేదు.

ఆ రోజు వెంకటప్ప చేసిన తప్పు ఇదే. కప్పు మీద బండ నాలుగు పక్కలా గోడల మీద కూచుంటుంది, మనుషుల బరువు దాని మీద పరుచుకుని పడుతుంది. ఇక్కడ బండ కింద నేల గుంటలు గుంటలు. పైన బరువంతా జాకీ అడుగున్న ఆ గుప్పెడు చోటనే. నాపరాయి పొర మీద పొర పేర్చినట్టు ఉండే రాయి. అలాంటి పోటును అది ఓర్చుకోదు. ఇది వెంకటప్పకు తెలియని సంగతి కాదు. పుట్టినప్పటినుంచీ నమ్ముకున్న రాయి కాబట్టి తెలిసినది గుర్తు రాలేదు.

బండ మీద జాకీ నిలబెట్టి, దాన్ని బండి అడుగు రేకుకు కాకుండా ఇరుసు కిందే ఆనించాడు. రాడ్డు తిప్పుతుంటే బండి మెల్లగా లేచింది. ఇరుసు కొంచెం లేవగానే కింద ఒక చెక్క, ఇంకొంచెం లేవగానే ఇంకొక చెక్క, అడ్డం నిలువు పేర్చుకుంటూ వచ్చాడు. పేర్పుకూ ఇరుసుకూ నడుమ వేలు పట్టేంత సందు మాత్రం ఉంచాడు.

చక్రం నేలను వదిలింది. చేత్తో తిప్పితే తిరిగింది. కంత గూటికి ఎదురుగా వచ్చింది. బోల్టు దూరిస్తే సగంలో ఆగిపోయింది. గూట్లో దారి పొడుగునా ఎగిరిపడ్డ మట్టి గట్టిపడి కూచుంది. దాన్ని గోకి తీయాలంటే చక్రం ఊడదీయాల్సిందే. నట్లు విప్పి చక్రాన్ని తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు ఇరుసు చివర బోడిగా, జాకీ మీద నిలబడి ఉంది. వెంకటప్ప పుల్లతో గూడు గోకడానికి వంగాడు.

ఎండ మంచి ఊపు మీదుంది. ఆ మైదానంలో నీడ అంటూ ఉన్నది బండి కిందే. గొర్రెపిల్లకు తాళాలూ జాకీలూ తెలియవు, నీడ తెలుసు. అంకమ్మ మందలో కొత్తగా పుట్టిన పిల్ల ఒకటి అవతలి పక్క నుంచి బండి కిందికి దూరి, పేర్పు పక్కన ముడుచుకుని పడుకుంది. గట్టు మీద ఉన్నవాళ్ళు చూడలేదు. వెంకటప్పకు అటు చూపు అందదు. అంకమ్మ చూసింది. ఏ గొర్లకాపరి అయినా ఏం చేస్తాడో ఆమె అదే చేసింది. మోకాళ్ళ మీద వంగి, బండి కిందికి పాకి, పిల్ల కాలు అందుకుంది.

అప్పుడే నాపబండ పగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, పలక విరిగినట్టు టక్కుమంది. జాకీ పక్కకు ఒరిగి, వెంకటప్ప మోకాలిని కొట్టుకుంటూ ఎగిరిపోయింది. బండి ఒక్క ఊపు ఊగి, ఇరుసు కిందికి పడింది.

పడింది, వేలు పట్టేంత. స్లీపరు చెక్కల మీద ధడేలుమని కూచుని ఆగిపోయింది. ఐసుపెట్టె లోపల గడగడలాడింది. యూనుస్ బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి తొక్కాడు.

దుమ్ములోంచి గొర్రెపిల్ల అరుపు వినబడితేనే వెంకటప్పకు తెలిసింది, కింద ఇంకేదో ఉందని. వంగి చూస్తే అక్క మొహం. ఇరుసు ఆమె మెడకు జానెడు పైన ఆగి ఉంది. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"మెల్లిగా రా అక్కా. తల ఎత్తొద్దు. పాక్కుంటా రా."

ఆమె పిల్లను ముందుకు తోసి, తర్వాత తాను వచ్చింది. బయటికి రాగానే వెంకటప్ప ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు. తిడదామనుకుని, ఆమె జుట్టులో మట్టి దులపసాగాడు. ఇన్నేళ్ళలో లారీల కింద పడుకుని పాటలు పాడుకున్న మనిషి వాడు. భయమంటే ఇదా అని అప్పుడు తెలిసింది. తన తల మీద పడితే ఇంత భయం ఉండేది కాదు.

గురురాజారావు గట్టు దిగి వచ్చాడు. ఆయన మొహం పాలిపోయింది. అంకమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు, పశువుల డాక్టరునన్న సంగతి మరిచిపోయి. దెబ్బ లేదని తెలిశాక వెంకటప్ప వైపు తిరిగాడు.

"చాలు వెంకటప్పా. చక్రం ఎక్కించి, ఆ తాళం తీసెయ్. బండిని వెనక్కి తీసుకుపోదాం. తాళాలు పడలేదని నేను రాస్తాను. మనిషి ప్రాణం పోతే నా జన్మలో నిద్ర పట్టదు నాకు."

ఇంకో రోజైతే వెంకటప్ప దీనికి ఇరవై జవాబులు చెప్పి ఉండేవాడు. ఆ రోజు తల దించుకుని, "అట్లనే సార్. పోదాం," అన్నాడు. యూనుస్ వాడి మొహం వంక వింతగా చూశాడు. ఎప్పుడూ వినని మాట అది.

అంకమ్మ మాత్రం కదల్లేదు. చీరకు అంటిన మట్టి దులుపుకుంటూ ఇద్దరి నడుమా నిలబడింది.

"యాడికి పోయ్యేది? బండి పోతే సూదులు యాడుంటాయి? అమ్మోరు ఈ ఏడు మా దొడ్డికి రాదని ఎవురన్నా రాసిస్తారా?"

"అక్కా, నువ్వు సచ్చిపోతాంటివి," అన్నాడు వెంకటప్ప.

"సావలా. ఎందుకు సావలా చెప్పు. నువ్వు పెట్టిన కట్టెలు ఆపినాయి. నీ రాయి తప్పు, నీ కట్టె రైటు. రాయి తీసేసి కట్టె పెట్టు. అంతే గదా పని?"

గౌస్ మొహిద్దీన్ కూడా అంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు.

"వెడల్పు చెక్క యాడుందక్కా? అది నువ్వు కాల్చేసినావు గదా."

"అయితే నేనే తెస్తా. ఉండు."

ఆమె చీరకొంగు నడుముకు చుట్టుకుని ఊళ్ళోకి పోయింది. ఆమె వచ్చేదాకా గురురాజారావు జీపు ముందూ వెనకా పచార్లు చేశాడు. ఆయనకూ తెలుసు, ఒకసారి ఈ బండి తిరిగిపోతే మళ్ళీ ఇటు రావడానికి ఎన్ని కాగితాలు నడవాలో. ముందటేడు ఆ పొలాల్లో పూడ్చిన గొర్రెలను ఆయన కళ్ళారా చూశాడు.

అంకమ్మ తిరిగి వచ్చేటప్పుడు ఆమె నెత్తిన ఒక పెద్ద మొద్దు ఉంది. వెనకే, అరుస్తూ, ఖమర్‌బీ. ఊళ్ళో మాంసం కొట్టు ఆమెదే. ఆ మొద్దు మాంసం కొట్టే చింతమొద్దు. చింతచెట్టు మొదలును అడ్డంగా కోసిన గుండ్రటి దిమ్మ, ఎన్నేళ్ళ కత్తిదెబ్బలు తిన్నదో పైన నడుమ గిన్నెలా అరిగి ఉంది.

"రేపు జుమ్మా, నాకు మొద్దు ల్యాకుంటే మాంసం యాడ కొట్టల్ల, నెత్తి మీదనా?" అని ఖమర్‌బీ నిలదీస్తోంది.

"మాపటికి నీ ఇంట్లో ఉంటాది ఖమర్‌బీ. ఈ జీవాలన్నీ సచ్చిపోతే అప్పుడు నువ్వు ఏం కొడతావో సూస్తా," అంది అంకమ్మ, మొద్దు దింపుతూ.

ఖమర్‌బీ ఆ లెక్క ఒప్పుకున్నట్టుంది. గట్టు మీదికి పోయి, అక్కడున్న మొగవాళ్ళను పక్కకు జరగమని తానూ కూచుంది.

వెంకటప్ప మొద్దు మీద చెయ్యి పెట్టాడు. నార నిలువుగా నిలబడిన చెక్క. ఇలాంటి దాన్ని పైనుంచి ఎంత బరువు నొక్కినా చీలదు. దాన్ని తిరగేశాడు, అరిగిన గుంట నేలకు, చదునైన అడుగు పైకి. నేలను పారతో చెక్కి, మట్టితో గుంటను నింపి, మొద్దు ఎటూ ఊగకుండా తొక్కి తొక్కి కూచోబెట్టాడు. చేతుల్లోకి మళ్ళీ బలం వచ్చింది. పని ఎదురుగా కనబడితే భయానికి చోటుండని మనిషి వాడు.

ఒక్క పని మాత్రం కొత్తగా చేశాడు. అక్కను పిలిచి, బండికి అవతలి పక్కన నిలబెట్టాడు. "నువ్వు ఈడ నిలబడు. మనిషి గానీ, జీవం గానీ, కోడి గానీ, ఏదీ దీని కిందికి పోకూడదు. నేను చెప్పేదాకా నువ్వు కదలొద్దు."

అంకమ్మ కర్ర అడ్డం పట్టుకుని నిలబడింది. డాక్టరు వైపు చూసి వెంకటప్ప అడిగాడు. "సార్, మీరు సరే అంటేనే."

గురురాజారావు కాసేపు ఆ మొద్దునూ, పేర్పునూ, అంకమ్మనూ చూశాడు. "నేనూ అటుపక్క నిలబడతాను. ఎత్తు," అన్నాడు.

జాకీ చింతమొద్దు మీద నిలబడింది. రాడ్డు తిరిగింది. మొద్దు నేలలోకి కొంచెం దిగి, ఇక దిగనని కూచుంది. ఇరుసు పేర్పును వదిలి పైకి లేచింది, పైన ఇంకో పలుచటి చెక్క పడింది. వెంకటప్ప గూట్లో మట్టి గోకి, గుడ్డతో తుడిచి, నూనెచుక్క వేశాడు. చక్రం ఎక్కించాడు, నట్లు ఎదురెదురుగా బిగించాడు. కంతను గూటికి ఎదురు పెట్టి బోల్టు తోశాడు. అది చివరంటా పోయింది. తాళం పడిన చప్పుడు గట్టు మీదికి కూడా వినబడింది.

పొద్దుగుంకకముందే జీపు ఒంటరిగా పులివెందుల దారి పట్టింది. బండి అక్కడే ఉండిపోయింది. మొద్దును వెంకటప్ప కడిగి, తానే మోసుకుపోయి ఖమర్‌బీ ఇంట్లో పెట్టి వచ్చాడు.

మరునాటి నుంచి సూదులు మొదలయ్యాయి. ఒక్కో మందా వచ్చేది, గురురాజారావు పొడిచేవాడు, వెంకటప్ప పట్టేవాడు. అంకమ్మ మందకూ పడ్డాయి. పని అయిపోయి, జీపు తిరిగి వచ్చాక తాళాలు విప్పి బండిని పెద్దముడియం వైపు తీసుకుపోయారు. అక్కడ కూడా ఎత్తడాలూ దించడాలూ జరిగాయి. జాకీ కిందికి రాయి తెచ్చినవాడిని మాత్రం వెంకటప్ప నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు.

ఎండలు ముదిరాక పెద్దముడియంలో ఒక రోజు కబురు తెలిసింది. పులివెందుల అవతల పల్లెల్లో అమ్మోరు వచ్చిందట. సూదులు పడని మందలు ఎక్కడివక్కడ పోతున్నాయట. రోగం సింహాద్రిపురం దాకా వచ్చేసిందట. వెంకటప్ప ఆ పూట అన్నం ముట్టలేదు. సూది వేసినప్పుడు డాక్టరు చెప్పిన మాటలన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. మందు పని చేస్తుందన్నాడు. ఐసు చల్లదనం తగ్గితే చేయదని కూడా అన్నాడు. బండి ఆ రోజు పేర్పు మీద పడ్డప్పుడు ఐసుపెట్టె గడగడలాడిన చప్పుడు ఇప్పుడు చెవిలో మోగింది. లోపల ఏదైనా చెడి ఉంటే? వాడు సెలవడిగి బస్సెక్కాడు.

అంత దూరమూ కూచున్నచోట కూచోలేదు. బస్సు దిగి పొలాలకు అడ్డంపడి నడుస్తుంటే దారిలో కాకులు వాలిన గుంటలు కనబడ్డాయి. పక్క దొడ్లో ఎవరో ఏడుస్తున్నారు. ఆ దొడ్డి వాళ్ళు సూదులకు రాలేదు. అంకమ్మ దొడ్డి దగ్గరికి వచ్చేసరికి వాడి కాళ్ళు ఆగిపోయాయి. లోపలినుంచి చప్పుడు లేదు. ఆమె వాకిట్లో కూచుని ఉంది. ఎప్పుడూ నోటికి తాళం పడని మనిషి, "అక్కా" అని కూడా అనలేకపోయాడు.

ఆమె లేచి, వాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి దొడ్డి వాకిలి పక్కన నిలబెట్టింది. అడ్డుకట్టెను ఒక గొర్రె పట్టేంత మాత్రం తెరిచి, నాలుక మడిచి ఒక కూత వేసింది. లోపల గొర్రెలు లేచాయి. ఒక్కొక్కటే ఆ సందులోంచి బయటికి రావడం మొదలుపెట్టాయి. వచ్చినదాని వీపు మీదల్లా ఆమె చెయ్యి వేస్తోంది, వాడి చెయ్యి లాగి తాను తాకిన చోటే వేయిస్తోంది. మూతి శుభ్రం, కళ్ళు శుభ్రం. ఒకటి పోతే ఇంకొకటి. ఈనినవి, ఈననివి, పొట్టేళ్ళు, పిల్లలు. వెంకటప్ప కళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఒకటి దాటిపోతుందని. దొడ్డి ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

చివరిది కూడా పోయాక అంకమ్మ అడ్డుకట్టె మూసింది.

"సూసినావు గదా," అంది. "అన్నీ ఉండాయి."